స్వర్గం ఎక్కడ పుట్టింది? ఢిల్లీ తోటల్లో నాలుగు రోజులు

మా హేతువాద సంఘంలో ఒక మిత్రుడున్నాడు. ఎవరైనా ఊరెళ్ళి వస్తే "ఏం చూశావు?" అని అడగడు. "ఏం అబద్ధాలు విన్నావు?" అని అడుగుతాడు. ఫిబ్రవరిలో ఢిల్లీ వెళ్ళి వచ్చాక నన్నూ అదే అడిగాడు. ఈసారి నేను మ్యూజియంలు పక్కన పెట్టి నాలుగు రోజులు తోటలే తిరిగాను. మోకాళ్ళ నొప్పి ఒక కారణం. తోటలో అయితే ఎక్కడైనా కూర్చోవచ్చు. విన్న అబద్ధాల్లో చాలావరకు పాతవే. ఒక్కటి మాత్రం నేను పుట్టిన తర్వాత పుట్టింది. అది చివర్లో చెబుతాను.

ముందు ఒక మాట సంగతి. స్వర్గాన్ని ఇంగ్లీషులో పారడైజ్ అంటారు కదా. ఆ మాట పై లోకం నుంచి దిగి రాలేదు. పాత ఇరానీ భాషలో పైరిదైజ అంటే చుట్టూ గోడ కట్టిన చోటు. అందులోని పైరి మన సంస్కృతంలోని 'పరి'కి దగ్గరి చుట్టం. దైజ అంటే గోడ. పర్షియా రాజులు ఎండు నేలలో కాలువలు తీసి, చెట్లు పెంచి, బయటివాళ్ళు రాకుండా గోడ కట్టుకున్న తోటలకు వాడిన మాట ఇది. జెనొఫోన్ అనే గ్రీకు రచయిత దీన్ని గ్రీకులోకి తీసుకెళ్ళాడు. తర్వాత యూదుల గ్రంథాలను గ్రీకులోకి అనువదించినవాళ్ళు ఏదెను తోటకు ఈ మాటే పెట్టారు. అరబ్బీలో ఫిర్దౌస్ కూడా ఇదే. జాషువా కావ్యం వల్ల తెలుగువాళ్ళకు ఫిరదౌసి పేరు బాగా తెలుసు. ఆ పేరుకు అర్థం స్వర్గానికి చెందినవాడు అని.

అంటే వరస ఇది: మొదట తోట, తర్వాత స్వర్గం. స్వర్గాన్ని చూసి మనిషి తోట వేయలేదు. రాజుగారి తోటను గోడ బయట నిలబడి చూసినవాడు, చచ్చాకైనా తనకు అలాంటిది దొరకాలని కోరుకున్నాడు. ఇది నా ఊహ అంటారేమో. మాట చరిత్ర మాత్రం ఊహ కాదు.

ఇది మనసులో పెట్టుకుని హుమాయూన్ సమాధికి వెళ్ళాను. మన దేశంలో మొగలుల పెద్ద సమాధి తోట ఇదే మొదటిది. భార్య హాజీ బేగం కట్టించింది. వాస్తుశిల్పి పర్షియా నుంచి వచ్చిన మీరక్ మీర్జా గియాస్. 1570 ప్రాంతంలో పూర్తయింది. తోటను నాలుగు భాగాలు చేసి, వాటిని మళ్ళీ విడగొట్టి, మొత్తం 36 చదరాలుగా వేశారు. మధ్యలో కాలువలు. ఒక గైడు విదేశీ యాత్రికులకు ఈ కాలువలు స్వర్గంలోని నీళ్ళు, పాలు, మద్యం, తేనె నదులని చెబుతున్నాడు. ఖురానులో అలాంటి నదుల ప్రస్తావన ఉన్న మాట నిజమే. కానీ రాతి కాలువల రాచతోట ఖురాను కంటే వెయ్యేళ్ళకు పైగా పాతది. సైరస్ చక్రవర్తి పసర్గడేలో వేయించుకున్న తోట కాలువలు ఈనాటికీ కనిపిస్తాయి.

గైడును నేను ఒకటే అడిగాను. "ఈ నీళ్ళు ఎక్కడి నుంచి వచ్చేవి?" అతను చెయ్యి పైకి చూపించి నవ్వాడు. జవాబు మాత్రం కింద ఉంది. 1997 నుంచి 2003 దాకా ఆగాఖాన్ ట్రస్టు, పురావస్తు శాఖ కలిసి ఈ తోటను బాగు చేసినప్పుడు పాత బావులు బయటపడ్డాయి. కాలువలకు మళ్ళీ నీరు పారించారు. ప్రతి 40 మీటర్లకు ఒక సెంటీమీటరు వాలు చొప్పున కాలువలు సరిచేయవలసి వచ్చింది. వాన నీరు భూమిలోకి ఇంకడానికి 128 గుంతలు తవ్వారు. ఆ సెంటీమీటరు లెక్క నాకు చాలా నచ్చింది. కంటికి ఆననంత వాలు అది. 16వ శతాబ్దపు తాపీ మేస్త్రీలకు ఆ లెక్క చేతిలో ఉంది. వాళ్ళ పేర్లు మాత్రం ఎక్కడా లేవు.

ఇక్కడ పడుకున్నాయన సంగతి కూడా చెప్పాలి. హుమాయూన్‌కు జ్యోతిష్యం పిచ్చి. ఏ వారానికి ఏ గ్రహమో ఆ గ్రహం రంగు బట్టలు వేసుకునేవాడు. శనివారం నలుపు, ఆదివారం పసుపు, ఇలా. ఏ రోజు ఎవరిని కలవాలో కూడా గ్రహాలే చెప్పాలి. 1556 జనవరిలో పురానా ఖిలాలోని తన గ్రంథాలయం డాబా ఎక్కాడు. ఆ సాయంత్రం శుక్రుడు కనబడతాడు, ఆ మంచి ఘడియలో కొందరికి పదవులు ఇద్దామని ఆలోచన. దిగుతుంటే నమాజు పిలుపు వినబడింది. మెట్ల మీదే మోకరించబోయాడు, అంగీ కాలికి తగులుకుని పడ్డాడు. కొద్ది రోజుల్లో పోయాడు. నాలాంటివాళ్ళు ఈ కథ చెప్పి చప్పట్లు కొట్టించుకోవడం మామూలే. నిజానికి ఇది జ్యోతిష్యానికి వ్యతిరేకంగా సాక్ష్యం ఏమీ కాదు. నిటారు మెట్లు హేతువాదినైనా పడేస్తాయి. కాకపోతే అంతమంది ఆస్థాన జ్యోతిష్కుల్లో ఒక్కడికీ ఆ మెట్ల సంగతి తట్టలేదు.

ఈ స్వర్గం తర్వాత ఏమైంది? ఇందులో కూరగాయలు, పొగాకు పండించారు. ఇంగ్లీషువాళ్ళు చదరాల కూడళ్ళలో గుండ్రటి పూల మళ్ళు వేసి తమ ఊరి తోటలా మార్చారు. మళ్ళీ కర్జన్ కాలంలో వాళ్ళే పాత రూపానికి తెచ్చారు. 1857 సెప్టెంబరులో చివరి మొగలు చక్రవర్తి బహదూర్ షా జఫర్ వచ్చి దాక్కున్నది ఈ సమాధిలోనే. కెప్టెన్ హాడ్సన్ ఇక్కడికే వచ్చి పట్టుకున్నాడు. 90 ఏళ్ళ తర్వాత, 1947లో, ఇదీ పురానా ఖిలా కూడా శరణార్థి శిబిరాలయ్యాయి. ఇల్లు వదిలి పారిపోయి వచ్చిన ఢిల్లీ ముస్లింలు పాకిస్తాన్ రైలు కోసం ఎదురుచూస్తూ ఈ గడ్డిలో పడుకున్నారు. ఆ చదరాల్లోనే వంటలు, కాలకృత్యాలు, జబ్బులు, చావులు. ఒక రాజు శవం కోసం కట్టిన గోడలు ఆ ఏడాది బతికున్న మనుషులకు అక్కరకు వచ్చాయి. నేను చూసిన ఢిల్లీ తోటలన్నిటిలో గోడ అలా ఉపయోగపడిన సందర్భం ఇదొక్కటే.

మర్నాడు పొద్దున లోడీ తోట. 90 ఎకరాలు. టిక్కెట్టు లేదు. నడిచేవాళ్ళు, గుబురు చాటున ప్రేమికులు, యోగా బృందాలు, బెంచీల మీద పదవీ విరమణ చేసిన పెద్ద అధికారులు. సయ్యద్, లోడీ సుల్తానుల సమాధులు ఉన్నాయి. శీష్ గుంబద్‌లో ఎవరు పడుకున్నారో ఇప్పటికీ తేలలేదు. నాకు అందులో తప్పేం కనబడలేదు. తెలియనిదాన్ని తెలియదని వదిలేశారు, ఎవరో బాబాను తెచ్చి కూర్చోబెట్టలేదు.

అయితే ఈ తోట సుల్తానులది కాదు. ఇక్కడ ఖైర్‌పూర్ అనే ఊరుండేది. సమాధుల చుట్టూ ఇళ్ళు, గొడ్లు, పొలాలు. వైస్రాయ్ విల్లింగ్డన్ భార్యకు ఇక్కడ పార్కు కావాలనిపించింది. ఊరిని ఖాళీ చేయించారు. 1936 ఏప్రిల్ 9న లేడీ విల్లింగ్డన్ పార్కు తెరిచారు. 1947లో పేరు మార్చి లోడీ తోట చేశారు. 1968లో జోసెఫ్ స్టైన్, గారెట్ ఎక్బో అనే ఇద్దరు అమెరికన్లు ఇప్పటి రూపం ఇచ్చారు. పేరు మార్చేటప్పుడు దొరసాని పేరు తీసి సుల్తాను పేరు పెట్టారు కానీ, ఖైర్‌పూర్ తోట అని పెట్టాలని ఎవరికీ తోచలేదు. నేను చూసిన బోర్డుల మీద సుల్తానులు, తేదీలు, గుమ్మటాల కొలతలు ఉన్నాయి. ఆ ఊరివాళ్ళు ఎక్కడా తగల్లేదు. ఇంత మంచి తోటను చూసి ఇలా అనడం కొందరికి గిట్టదు. తోట మంచిదే. నేనూ రెండు గంటలు హాయిగా కూర్చున్నాను. పచ్చిక కింద ఒక ఊరుందని తెలిసి కూర్చున్నాను, అంతే.

మూడో రోజు రాష్ట్రపతి భవన్ తోట. ఏడాదిలో కొన్ని వారాలే ప్రజలకు తెరుస్తారు. ఆ ఆనవాయితీ తొలి రాష్ట్రపతి రాజేంద్రప్రసాద్ కాలం నుంచి ఉంది. చాలా ఏళ్ళ క్రితం నేను మొదటిసారి వెళ్ళినప్పుడు దాని పేరు మొఘల్ గార్డెన్స్. 2023 జనవరిలో అమృత్ ఉద్యాన్ అన్నారు. దీని మీద టీవీల్లో బోలెడు గోల జరిగింది. ఒకరు బానిసత్వపు గుర్తు పోయిందన్నారు. ఇంకొకరు చరిత్రను చెరిపేశారన్నారు. చూస్తే ఆ తోట ఏ మొగలూ వేసింది కాదు. గీసినవాడు ఎడ్విన్ లుట్యెన్స్, మొక్కలు చూసినవాడు విలియం మస్టో. నాటింది 1928-29లో. కాలువలు, చదరాలు మొగలు పద్ధతిలో వేసి, మధ్యలో ఇంగ్లీషు పూలు పెట్టారు. ఇంకా తమాషా ఏమిటంటే అమృతం కూడా స్వర్గం సరుకే. ఫిర్దౌస్ నమూనాకు అమృతం పేరు పెట్టారు. ఒక స్వర్గం బోర్డు తీసి ఇంకో స్వర్గం బోర్డు తగిలించారు.

ఈ గోలలో రైసీనా, మాల్చా పేర్లు ఒక్కరూ ఎత్తలేదు. 1911 డిసెంబరు 12న ఢిల్లీ దర్బారులో ఐదో జార్జి రాజధానిని కలకత్తా నుంచి మారుస్తామని ప్రకటించాడు. ఆ తర్వాత 1894 నాటి భూసేకరణ చట్టం కింద ఈ ఊళ్ళ భూములు తీసుకున్నారు. ఈ గులాబీలు ఆ పొలాల మీదే పూస్తున్నాయి. భూసేకరణ అంటే ఏమిటో తెలుగువాళ్ళకు కొత్తగా చెప్పక్కర్లేదు. నాగార్జునసాగర్, శ్రీశైలం, పోలవరం, ఏ ముంపు గ్రామం వాడిని అడిగినా చెబుతాడు.

అదే జార్జి పాలరాతి విగ్రహాన్ని ఇండియా గేటు దగ్గర మంటపంలోంచి 1968లో తీసేశారు. ఇప్పుడు అది ఊరి ఉత్తరాన కారొనేషన్ పార్కులో ఉంది, దర్బారు జరిగిన చోటే. పక్కన మరికొన్ని దొరల విగ్రహాలు. ఆటో అతనికి ఆ పార్కు దారి తెలియక నలుగురిని అడిగాడు. రాజు కాళ్ళ దగ్గర పిల్లలు క్రికెట్ ఆడుతున్నారు. పది నిమిషాలు చూసి వచ్చేశాను.

నాలుగో రోజు గురువారం. కావాలనే గురువారం దాకా ఆగాను. ఫిరోజ్ షా కోట్లాకు జనం ఆ రోజే వస్తారు.

ఫిరోజ్ షా తుగ్లక్ తోటల పిచ్చి ఉన్న సుల్తాను. ఢిల్లీ చుట్టూ 1200 తోటలు వేయించాడని అతని చరిత్ర రాసిన అఫీఫ్ చెబుతాడు. అవి ముచ్చటకు వేసినవి కావు, ఖజానాకు రాబడి తెచ్చేవి. అంత మాత్రాన ఆయన్ని ఉదారుడని పొగడక్కర్లేదు. అంతకుముందు బ్రాహ్మణులకు లేని జిజియా పన్ను వాళ్ళ మీదా వేసిందీ ఈయనే. వాళ్ళు కోట ముందు ఉపవాసాలు చేసినా తగ్గలేదు.

ఈ సుల్తాను ఇప్పటి హర్యానాలోని తోప్రా అనే ఊళ్ళో ఒక రాతి స్తంభం చూశాడు. ఢిల్లీకి తెమ్మన్నాడు. అప్పుడు అఫీఫ్ పన్నెండేళ్ళ పిల్లవాడు, కళ్ళారా చూశాడు. స్తంభం చుట్టూ బూరుగుదూది పరిచి మెల్లగా వాల్చారు. 42 చక్రాల బండి చేయించారు. ఒక్కో చక్రానికి 200 మంది తాళ్ళు పట్టి లాగారు. యమునలో పెద్ద పడవల మీద తెచ్చారు. మూడంతస్తుల కట్టడం కట్టి దాని నెత్తిన నిలబెట్టారు. సుమారు 13 మీటర్ల స్తంభం, ఇప్పటికీ అక్కడే ఉంది.

దాని మీద రాత ఉంది. ఎవరికీ చదవడం రాదు. ఇక్కడే అసలు కథ. ఆ చుట్టుపక్కల జనం అది భీముడి చేతికర్ర అన్నారు. సుల్తాను పండితులను పిలిపించి చదవమన్నాడు. కొందరు తడుముకోకుండా చదివేశారు! ఫిరోజ్ అనే సుల్తాను వచ్చేదాకా ఈ స్తంభాన్ని ఎవరూ కదపలేరని రాసి ఉందట. ఎదురుగా ఉన్న రాజుకు ఏది వినాలని ఉందో అది చదివారు. ఆ రోజుల్లో ఆ పండితులను తప్పు పట్టలేం, ప్రాణం తీపి. 17వ శతాబ్దం మొదట్లో వచ్చిన థామస్ కోర్యాట్ అనే ఇంగ్లీషు యాత్రికుడు అది గ్రీకు అనీ, అలెగ్జాండర్ విజయస్తంభమనీ రాసుకున్నాడు. హిందువుకు భీముడు, సుల్తానుకు సుల్తాను, దొరకు అలెగ్జాండర్ కనబడ్డారు. రాయి మాత్రం ఒకటే.

1837లో జేమ్స్ ప్రిన్సెప్ బ్రాహ్మీ లిపిని ఛేదించాడు. నాణేలు, గుహల రాతలు, స్తూపాల మీది దానాల రాతలు పక్కపక్కన పెట్టి, ఏ గుర్తు ఎన్నిసార్లు ఎక్కడ వస్తుందో చూసి సాధించాడు. దివ్యదృష్టితో కాదు. మూడేళ్ళ తర్వాత నలభై ఏళ్ళకే చనిపోయాడు. అలా తేలింది ఏమిటంటే, రాయించింది అశోకుడు. క్రీస్తుకు పూర్వం మూడో శతాబ్దం. ఏడు శాసనాలున్నాయి. ఏడోది మన దేశంలో మరే స్తంభం మీదా లేదు, దీని మీద మాత్రమే ఉంది.

ఆ ఏడో శాసనంలో సుల్తాను పేరు లేదు, భీముడూ లేడు. దారుల వెంట మర్రిచెట్లు నాటించాను, పశువులకూ మనుషులకూ నీడ ఇస్తాయి అంటాడు. మామిడి తోపులు వేయించాను, దూరాలు లెక్కపెట్టి బావులు తవ్వించాను, విశ్రాంతి గృహాలు కట్టించాను, నీటి పందిళ్ళు పెట్టించాను అంటాడు. తర్వాత, ఇదేమంత గొప్ప కాదు, పూర్వపు రాజులూ చేశారు, జనం ధర్మంగా నడవాలని చేశాను అని కూడా అంటాడు. అశోకుడు కూడా చక్రవర్తే, గొప్పలకు పోయినవాడే, కళింగలో చేసింది చేసినవాడే. కానీ నాలుగు రోజులుగా గోడల లోపలి తోటలు చూసి వచ్చినవాడికి ఈ తోపుల సంగతి కొత్తగా వినబడుతుంది. వీటికి ప్రవేశద్వారం లేదు. దారిన పోయే ఎద్దుకు కూడా నీడే.

ఇంత రాత మోస్తున్న స్తంభం దగ్గరికి గురువారం సాయంత్రం వందల మంది వచ్చారు. ఒక్కరూ రాత వైపు చూడలేదు. కింద గదుల్లోకి వెళ్తున్నారు. అక్కడ గోడల గూళ్ళు మసి పట్టి నల్లగా ఉన్నాయి. దీపాలు, అగరుబత్తులు, గులాబీ రేకులు. గూళ్ళలో ఉత్తరాలు. అవి జిన్నులకు రాసినవి. జిన్నులంటే కంటికి కనబడని జీవులని నమ్మకం. వాళ్ళ పెద్ద స్తంభంలో ఉంటాడట, 'లాట్ వాలే బాబా' అంటారు. ముస్లింలు, హిందువులు, సిక్కులు అందరూ రాస్తారు. కింద ఇంటి చిరునామా, కొన్నిటికి ఫోటో కూడా. ఒకే ఉత్తరం జిరాక్సులు తీసి వేరు వేరు గూళ్ళలో పెడతారు. జిన్నుల్లో కూడా శాఖలున్నాయి కాబోలు.

"ఏడొందల ఏళ్ళ ఆచారం" అని ఒక పెద్దాయన నాతో గట్టిగా చెప్పాడు. నేను మొదట్లో చెప్పిన అబద్ధం ఇదే. ఈ ఆచారం మీద ఏళ్ళ తరబడి పరిశోధన చేసిన ఆనంద్ వివేక్ తనేజా 2017లో వచ్చిన పుస్తకంలో, ఇక్కడికి జనం ఇలా రావడానికి ఆధారాలు 1977 నుంచే ఉన్నాయని చూపాడు. అంటే ఎమర్జెన్సీ ముగిసిన కొద్ది నెలల తర్వాత. 1976 ఏప్రిల్‌లో తుర్క్‌మన్ గేటు దగ్గర ఇళ్ళు కూలగొట్టారు, కాల్పులు జరిగాయి. ఆ చోటు కోట్లాకు ఎంతో దూరం కాదు. ఆఫీసులో, కోర్టులో, పేపర్లో ఎక్కడా నోరెత్తే వీలు లేని రోజుల వెనకాలే ఈ అర్జీలు మొదలయ్యాయి. ఇంకో సంగతి గమనించండి. శాస్త్రీయ దృక్పథం పెంచుకోవడం పౌరుడి విధి అని రాజ్యాంగంలో చేర్చిన 42వ సవరణ అమల్లోకి వచ్చింది 1977 జనవరి 3న, ఆ ఎమర్జెన్సీలోనే. మేం సభల్లో గర్వంగా చెప్పుకునే 51ఎ ఆ సవరణలోనే వచ్చింది. ఒకే ఏడాదిలో పుస్తకంలో శాస్త్రీయ దృక్పథం, గూట్లో జిన్ను. ఈ తేదీలు పక్కపక్కన పెట్టుకున్నాక, ఊరి నుంచి సిద్ధం చేసుకు వెళ్ళిన ఎగతాళి నాకు నోటికి రాలేదు.

నా పక్కన ఒకావిడ గూట్లో కాగితాలు సర్దుతోంది. అరవై దాటి ఉంటాయి. చేతిలో నాలుగు జిరాక్సులు. నేను హిందీలో అడిగాను, ఏం రాశారమ్మా అని. వితంతు పింఛను, చెప్పింది. పద్నాలుగు నెలలుగా రావడం లేదు. ఆఫీసుకు ఆరుసార్లు వెళ్ళింది. వేలిముద్ర పడటం లేదు అంటారు, మళ్ళీ రమ్మంటారు. ఇళ్ళల్లో అంట్లు తోమి తోమి వేళ్ళ గీతలు అరిగిపోయాయి. నాకు వేళ్ళు చూపించింది.

"ఇక్కడ పెడితే వస్తుందా?" అన్నాను. అలవాటు ఎక్కడికి పోతుంది!

"అక్కడ పెడితే వచ్చిందా భాయిసాబ్?" అంది.

జిన్నులు లేవని నేను ఆవిడకు చెప్పలేదు. ఈ మాట రాస్తే మా సంఘంలో ఇద్దరు ముగ్గురు నా మీద కేకలేస్తారని తెలుసు. జిన్నులు లేవు. ఆ గూట్లో కాగితం తీసుకునేవాళ్ళు లేరు. ఊరికి తిరిగి వచ్చే ముందు ఆవిడ కాగితంలోంచి వివరాలు రాసుకుని, ఢిల్లీలో ఉన్న ఒక న్యాయవాది మిత్రుడికి ఇచ్చి వచ్చాను. అది వేరే సంగతి, ఇంకా నడుస్తోంది.

పైన స్తంభం మీద ఏదో రాసి ఉంటుందట కదా, మీరు చదువుకున్నవాళ్ళు, ఏం రాసుంది అని ఆవిడే అడిగింది. చెట్లు, బావులు, నీళ్ళ పందిళ్ళు అని చెప్పాను. మంచి రాజే అంది. అర్జీలు తీసుకునేవాడా అని అడిగింది.

అప్పుడు నాకు మన ఎర్రగుడి గుర్తొచ్చింది. కర్నూలు జిల్లాలో, గుత్తికి దగ్గర, గుండ్ల మీద ఇదే అశోకుడి పద్నాలుగు శాసనాలున్నాయి. అందులో ఆరోది ఢిల్లీ స్తంభం మీద లేదు. అందులో రాజు అంటాడు, నేను భోజనం చేస్తున్నా, అంతఃపురంలో ఉన్నా, తోటలో ఉన్నా సరే, ప్రజల పని ఏదైనా ఉంటే వెంటనే వచ్చి నాకు చెప్పండి అని. అది ఆవిడకు నా వచ్చీరాని హిందీలో చెప్పాను. తోటలో ఉన్నా సరే అనేదాన్ని రెండుసార్లు చెప్పాను.

"ఆ తోట ఎక్కడుంది?" అంది.

"పాట్నాలో. మట్టి కిందకు వెళ్ళిపోయింది."

ఆవిడ కాసేపు ఆలోచించి, నాలుగో జిరాక్సు కూడా గూట్లో పెట్టి, పైన చిన్న రాయి ఉంచింది.